ఒంట్లో ఓపిక, చేతిలో పని

"ఎలా ఉన్నారు?" అని అడిగితే మనలో ఎక్కువమంది చెప్పే జవాబు "ఏదో, అలా నడుస్తోంది". బాగున్నామని గట్టిగా చెబితే దిష్టి తగులుతుందని ఒక జంకు, బాగాలేదంటే ఎదుటివాళ్లకు అలుసైపోతామని ఇంకో జంకు. ఇలాంటి జవాబుల్ని అంకెల్లోకి దించడమే పనిగా పెట్టుకున్న పరిశోధన ఒకటి అరవై ఏళ్లుగా పెరుగుతూ వస్తోంది. 1965లో హాడ్లీ కాంట్రిల్ అనే అమెరికన్ పరిశోధకుడు ఒక నిచ్చెన ఊహించాడు. అడుగున సున్నా, పైన పది. మీకు ఊహకందే అతి మంచి బతుకు పై మెట్టు మీద, అతి చెడ్డ బతుకు అడుగున ఉన్నాయనుకుంటే ఇవాళ మీరు ఏ మెట్టు మీద ఉన్నారు? ఏటా వార్తల్లోకెక్కే ప్రపంచ సంతోష నివేదికలోని దేశాల వరసకు ఆధారం ఈ ఒక్క ప్రశ్నే. 2018 నుంచి 2025 దాకా వరసగా ఎనిమిదిసార్లు ఫిన్‌లాండ్ మొదటి స్థానంలో నిలిచింది. 2025 జాబితాలోని 147 దేశాల్లో మనది 118వ స్థానం. 1985లో ఎడ్ డీనర్, ఆయన సహచరులు ఐదు వాక్యాల కొలత ఒకటి తయారుచేశారు. ఒక్కో వాక్యంతో ఎంతవరకు ఏకీభవిస్తారో ఒకటి నుంచి ఏడు దాకా చెప్పాలి. మొత్తం కలిపితే 5 నుంచి 35. మన దేశంలో 45 ఏళ్లు దాటిన 72 వేల మందిని 2017-18లో పలకరించిన లాసీ సర్వే కూడా బతుకు మీద తృప్తి ఎంత అని అడిగింది.

ఈ కొలతల్ని ఆరోగ్యం పక్కన పెట్టి చూసినవాళ్లున్నారు, వ్యాయామం పక్కన పెట్టినవాళ్లున్నారు, ఉద్యోగం పక్కన పెట్టినవాళ్లున్నారు. మూడింటికీ తృప్తితో సంబంధం ఉందనే అందరూ తేల్చారు. అక్కడితో ఆగిపోతే చెప్పడానికి ఏమీ లేదు, మన తాతలకూ తెలిసిన సంగతే అది. ఎంత సంబంధం, దేనివల్ల ఏది, ఎవరికి అన్న దగ్గరే అసలు చిక్కు. ఈ అధ్యయనాలన్నీ పక్కపక్కన పెట్టుకుని చదివాక నాకు పట్టుబడింది ఒకటుంది. ఆరోగ్యం, వ్యాయామం, పని అని మూడు డబ్బాలుగా విడదీయడంలోనే పొరపాటు మొదలవుతోంది. మన ఒళ్లూ మన పొద్దూ ఎంతవరకు మన చేతిలో ఉన్నాయన్నదే మూడు చోట్లా లెక్క తేలుస్తోంది.

దానికి ముందు కొలత మీద ఒక హెచ్చరిక. 1944లో, బెంగాల్ కరువు మరుసటి ఏడు, కలకత్తాకు దగ్గర్లోని సింగూరులో అఖిల భారత పారిశుద్ధ్య, ప్రజారోగ్య సంస్థ ఒక సర్వే చేసింది. భార్య పోయిన మగవాళ్లలో 48.5 శాతం మంది తమకు ఒంట్లో బాగాలేదనో అంతంతమాత్రమనో చెప్పుకున్నారు. భర్త పోయిన ఆడవాళ్లలో అలా చెప్పినవాళ్లు 2.5 శాతం. ఆ రోజుల్లో విధవల బతుకెలా ఉండేదో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. తన ఒంటి గురించి తాను ఆలోచించుకునే హక్కు ఉందన్న సంగతే తెలియని మనిషి "బాగానే ఉన్నాను" అంటుంది. అమర్త్యసేన్ ఈ అంకెల్ని ఏళ్ల తరబడి పదే పదే ఎత్తిచూపింది అందుకే. ఎక్కువ కాలం బతికే కేరళలో జబ్బుగా ఉన్నామని చెప్పేవాళ్లు ఎక్కువ, ఆయుష్షు తక్కువున్న బీహార్‌లో అలా చెప్పేవాళ్లు తక్కువ అని కూడా ఆయన చూపించాడు. అభిజిత్ బెనర్జీ, ఆంగస్ డీటన్, ఎస్తేర్ డఫ్లో బృందం రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ జిల్లా పల్లెల్లో తిరిగినప్పుడూ ఇదే ఎదురైంది. అక్కడి కడుపేదల్లో మగవాళ్లు 65 శాతం, ఆడవాళ్లు 40 శాతం ఉండాల్సిన బరువుకన్నా తక్కువ ఉన్నారు. అయినా తమ బతుకులో సంతోషం లేదన్నవాళ్లు వందకు తొమ్మిది మందే. కాబట్టి తృప్తి అంకె పెద్దగా ఉన్నచోట కష్టం లేదని అనుకోకూడదు. అడిగే అలవాటు చచ్చిపోయిన చోట కూడా ఆ అంకె పెద్దగానే ఉంటుంది.

ఇక ఆరోగ్యం. ఈ విషయంలో అందరూ ఎత్తే పాత అధ్యయనం ఒకటుంది. 1978లో బ్రిక్‌మన్, ఆయన సహచరులు లాటరీ తగిలిన 22 మందినీ, ప్రమాదంలో కాళ్లూ చేతులూ పడిపోయిన 29 మందినీ, మామూలు మనుషులు 22 మందినీ పోల్చారు. లాటరీ గెలిచినవాళ్లు మామూలువాళ్లకన్నా చెప్పుకోదగ్గంత సంతోషంగా ఏమీ లేరని తేలింది. ఆ మాట వ్యాపించి వ్యాపించి, మనిషి దేనికైనా అలవాటు పడిపోతాడు, కాళ్లు పోయినా మళ్లీ పాత తృప్తికే చేరతాడు అనే దాకా పోయింది. ఆ వ్యాసం చదివినవాళ్లు అలా అనరు. ప్రమాదానికి గురైనవాళ్లు మిగతా రెండు గుంపులకన్నా స్పష్టంగా తక్కువ సంతోషంతో ఉన్నారని అందులోనే ఉంది. తర్వాత 2007లో రిచర్డ్ లూకాస్ జర్మనీ, బ్రిటన్‌లలో ఏళ్ల తరబడి అవే మనుషుల్ని అడిగిన సర్వేలు తీసి, వైకల్యం వచ్చిన ఏడాదికి ముందూ తర్వాతా వాళ్లు చెప్పిన అంకెలు చూశాడు. పడిన తృప్తి ఏళ్లు గడిచినా పెద్దగా లేవలేదు. వైకల్యం ఎంత తీవ్రమైతే పడటం అంత లోతు. "వాళ్లకు అలవాటైపోయిందిలే" అని మనం తేలిగ్గా అనేమాటకు ఆధారం లేదు.

మరి అందరికీ ఉండే మామూలు జబ్బుల సంగతి? ఇక్కడ పరిశోధకులకు తరచూ ఎదురయ్యే వింత ఒకటుంది. డాక్టరు రాసిన రిపోర్టుకన్నా, మనిషి తన ఆరోగ్యం గురించి తాను చెప్పే మాటకే తృప్తితో దగ్గరి సంబంధం. బీపీ ఉన్న చాలామందికి ఉన్నట్టే తెలియదు, తృప్తి తగ్గదు. మోకాలి నొప్పి ఏ పరీక్షలోనూ పెద్దగా కనబడకపోవచ్చు, కానీ గుడి మెట్లెక్కలేక కింద కూర్చున్న మనిషికి ఆ రోజంతా చిన్నబోతుంది. జబ్బు పేరు కన్నా అది ఆపేసిన పనులే తృప్తిని కోస్తాయి. మానసిక ఆరోగ్యం మాటకొస్తే దెబ్బ ఇంకా సూటిగా ఉంటుంది. ఆండ్రూ క్లార్క్, రిచర్డ్ లేయార్డ్ తదితరులు 2018లో పుస్తకంగా తెచ్చిన పెద్ద విశ్లేషణలో, మనుషుల మధ్య తృప్తిలో కనిపించే తేడాలను వివరించడంలో ఆదాయంకన్నా, ఒంటి జబ్బులకన్నా కుంగుబాటు, ఆందోళన ముందు నిలిచాయి. మన ఇళ్లలో వీటికి ఇంకా పేరే పెట్టం. "ఊరికే పడుకుంటోంది", "ఎవరితోనూ కలవడు" అంటాం, అంతే.

సంతోషంగా ఉంటే ఎక్కువకాలం బతుకుతారన్న మాట కూడా పత్రికల్లో వస్తుంటుంది. 2015లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన బ్రిటన్ అధ్యయనం దాన్ని తిరగేసింది. ఏడు లక్షల మందికి పైగా నడివయసు ఆడవాళ్లను పదేళ్ల పాటు గమనించారు. సంతోషంగా లేమన్నవాళ్లలో చావులు ఎక్కువన్నది పైకి కనిపించింది. కానీ మొదట్లోనే వాళ్లకున్న జబ్బుల్ని లెక్కలోంచి తీసేస్తే ఆ తేడా మాయమైంది. జబ్బు మనిషిని దిగులు పెడుతోంది, జబ్బే చంపుతోంది. నువ్వు నవ్వుతూ ఉండు, రోగం దానంతటదే పోతుంది అని రోగికి చెప్పడం దయలేని మాట అని ఈ అధ్యయనం చదివాక నాకు గట్టిగా అనిపించింది.

మన దగ్గర ఆరోగ్యం తృప్తిని తినేసే దారి ఇంకొకటుంది, అది అప్పు. పాశ్చాత్య దేశాల సర్వేల్లో ఇది పెద్దగా కనబడదు. మన జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం 2013-14లో వైద్యం మీద దేశం పెట్టిన ఖర్చులో 64.2 శాతం జనం జేబుల్లోంచే నేరుగా పోయింది. 2021-22కి అది 39.4 శాతానికి దిగింది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ లాంటి పథకాలు ఆపరేషన్ ఖర్చును మోశాయి గానీ, నెలనెలా కొనే షుగరు మాత్రల్నీ, ఆసుపత్రికి పోయిన రోజు పోగొట్టుకున్న కూలినీ చాలావరకు ఇంటివాళ్లే మోయాలి. ఒకరి జబ్బు ఇంటిల్లిపాదినీ నిచ్చెన మీద కిందికి లాగుతుంది. మనిషిని ఒంటరిగా కూర్చోబెట్టి అడిగే కొలతలకు ఈ ఇంటి లెక్క అందదు.

పని దగ్గరికొస్తే పరిశోధన చాలా దట్టంగా ఉంది, చాలా పాతది కూడా. వియన్నాకు దగ్గర్లో మరియెంతాల్ అనే ఊరు ఒక నూలు మిల్లు మీద బతికేది. ఆర్థిక మాంద్యంలో మిల్లు మూతపడింది, ఊరికి ఊరే పని పోగొట్టుకుంది. మారీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జీసెల్ అనే ముగ్గురు యువ పరిశోధకులు తమ బృందంతో ఆ ఊరికి వెళ్లి చూసింది 1933లో పుస్తకమైంది. వాళ్లు కొలిచినవి చూడండి. వీధి మొదట్లో నిలబడి మగవాళ్లు ఎంత మెల్లగా నడుస్తున్నారో, దారిలో ఎన్నిసార్లు ఆగుతున్నారో గడియారం పెట్టి లెక్కేశారు. చేతినిండా ఇంటిపని ఉన్న ఆడవాళ్లు వాళ్లకన్నా వేగంగా నడుస్తున్నారు. గ్రంథాలయం రుసుము ఎత్తేసినా తీసుకెళ్లే పుస్తకాలు దాదాపు సగానికి పడిపోయాయి. ఖాళీ దొరికితే చదువుకుంటారు, తోటపని చేస్తారు, రాజకీయాలు పట్టించుకుంటారు అనుకున్నవాళ్ల అంచనాలన్నీ తలకిందులయ్యాయి. రోజంతా ఏం చేశారంటే మగవాళ్లకు చెప్పడానికి ఏమీ లేదు.

యహోదా తర్వాత ఈ అనుభవం నుంచే ఒక సూత్రీకరణ చేసింది. జీతం కాకుండా పని మనిషికి ఐదు ఇస్తుంది: పొద్దుకో క్రమం, ఇంటి బయటి మనుషులతో రాకపోకలు, నలుగురితో కలిసి ఏదో సాధిస్తున్నామన్న భావం, సమాజంలో ఒక గుర్తింపు, ఏదో ఒకటి చేస్తూ ఉండక తప్పని పరిస్థితి. ఇవి పోతే మనిషి డబ్బుతో నిమిత్తం లేకుండా కుంగిపోతాడు. ఆండ్రూ క్లార్క్, ఆండ్రూ ఆస్వాల్డ్ 1994లో బ్రిటన్ అంకెలతో, వింకెల్‌మన్ దంపతులు 1998లో జర్మనీ అంకెలతో దీన్నే రుజువు చేశారు. ఉద్యోగం పోయినప్పుడు తగ్గే తృప్తిలో డబ్బు పోవడం వల్ల తగ్గేది చిన్న భాగం. 2004లో లూకాస్ బృందం జర్మనీలో 24 వేల మందికి పైగా మనుషుల పదిహేనేళ్ల సమాధానాలు చూసి ఇంకో మాట చెప్పింది. మళ్లీ ఉద్యోగం దొరికాక కూడా వాళ్ల తృప్తి పాత మెట్టుకు పూర్తిగా చేరలేదు.

"మీ అబ్బాయి ఏం చేస్తున్నాడు?" అన్న ప్రశ్న మన పెళ్లిళ్లలో ఎంత పదునైనదో తెలిసినవాళ్లకు ఈ అంకెలు ఆశ్చర్యం కలిగించవు. పనీపాటా లేనివాడు అన్నది మన భాషలో తిట్టు. హైదరాబాద్ అశోక్‌నగర్, చిక్కడపల్లి గ్రంథాలయం చుట్టుపక్కల గ్రూప్స్ పరీక్షల కోసం ఏళ్లకేళ్లు గదుల్లో ఉండిపోయే కుర్రాళ్లనూ అమ్మాయిల్నీ చూసినప్పుడు నాకు యహోదా ఐదు వరసలే గుర్తొస్తాయి. "ప్రిపేర్ అవుతున్నాను" అన్న మాట వాళ్లకు ఒక గుర్తింపు ఇస్తుంది. పొద్దున గ్రంథాలయంలో సీటు పట్టుకోవడం రోజుకో క్రమం ఇస్తుంది. టీ బండి దగ్గర నలుగురు కలుస్తారు. జీతం ఒక్కటి తప్ప పని ఇచ్చేవన్నీ వాళ్లు తమ చేతులతో కట్టుకున్నారు. నోటిఫికేషన్ వాయిదా పడిన ప్రతిసారీ ఆ కట్టడం కొంచెం కొంచెం కూలుతుంది. దాన్ని చదువుకున్నవాళ్ల నిరుద్యోగం అనే ఒక్క శాతంగా రాసి ఊరుకుంటున్నాం.

మరియెంతాల్ లాంటి ఊళ్లు మనకూ ఉన్నాయి. కాగజ్‌నగర్‌లో సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో ఆగింది, 2018లో మళ్లీ మొదలైంది. బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్స్ 2015లో ఆగింది. ఆ ఊళ్లలోనూ ఎవరో ఒకరు వీధి మొదట్లో గడియారం పట్టుకుని నిలబడి ఉండాల్సింది.

ఇంతవరకు చదివితే పని ఉంటే చాలు అనిపిస్తుంది. ఇక్కడే రెండో సగం మొదలవుతుంది. బ్రిటన్‌లో ఫోన్ యాప్ ద్వారా వేలమందిని రోజులో అప్పుడప్పుడూ "ఇప్పుడేం చేస్తున్నారు, ఎంత సంతోషంగా ఉన్నారు" అని అడిగి లక్షల జవాబులు పోగుచేశారు. అలెక్స్ బ్రైసన్, జార్జ్ మెకెరన్ 2017లో వాటిని విశ్లేషిస్తే, నలభై రకాల పనుల్లో జీతం కోసం చేసే పని కింది నుంచి రెండో స్థానంలో నిలిచింది. జబ్బుతో మంచాన పడుకోవడం ఒక్కటే దానికన్నా కింద ఉంది. అంటే ఆ నిమిషంలో అడిగితే పని భారం, మొత్తం బతుకు మీద అడిగితే పని లేకపోవడం నరకం. రెండూ నిజమే. డేనియల్ కానెమన్ బృందం 2004లో టెక్సస్‌లో 909 మంది ఉద్యోగినులను ముందు రోజు గురించి ఒక్కో ఘట్టంగా చెప్పమంటే ఆఫీసుకు పోయి వచ్చే ప్రయాణం అట్టడుగున ఉన్నవాటిలో ఒకటిగా తేలింది. ఉప్పల్ నుంచి గచ్చిబౌలికి రోజూ వెళ్లొచ్చేవాళ్లను అడిగినా అదే చెబుతారు.

ఎలాంటి పని మనిషిని నిలబెడుతుంది, ఎలాంటిది తినేస్తుంది? దీనికి నాకు తెలిసిన గట్టి జవాబు లండన్ ప్రభుత్వ కార్యాలయాల నుంచి వచ్చింది. మైకేల్ మార్మట్ నాయకత్వంలో 1985లో మొదలైన రెండో వైట్‌హాల్ అధ్యయనం 10,308 మంది ప్రభుత్వోద్యోగులను దశాబ్దాల పాటు గమనించింది. వాళ్లలో ఆకలితో ఉన్నవాళ్లు లేరు, మొదట్లో అందరివీ స్థిరమైన ఉద్యోగాలే. అయినా హోదా మెట్టు దిగే కొద్దీ గుండె జబ్బు పెరిగింది. పెద్ద కారణాల్లో ఒకటి, తన పని ఎలా, ఎప్పుడు చేయాలో నిర్ణయించుకునే వీలు కింది ఉద్యోగికి లేకపోవడం. బాధ్యతలు ఎక్కువై పెద్ద అధికారులకే గుండెపోట్లు వస్తాయన్న నమ్మకం దీంతో కూలిపోయింది. చెప్పింది చెప్పినట్టు చేయాల్సిన గుమాస్తా గుండె ముందు అలసిపోతోంది.

గంటల మాట కూడా చూడాలి. డైగా కమెరాడే బృందం 2019లో బ్రిటన్‌లో 71 వేల మంది సమాచారం పరిశీలించి, ఉద్యోగం వల్ల మనసుకు కలిగే మేలు వారానికి ఎనిమిది గంటల పనితోనే చాలావరకు వచ్చేస్తుందని చెప్పింది. మిగతా గంటలు జీతం కోసం, సంస్థ కోసం. రెండో కొసన, ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ప్రకటించిన అంచనా ఉంది. వారానికి 55 గంటలు అంతకు మించి పనిచేసేవాళ్లకు పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ, గుండె జబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. 2016 ఒక్క ఏడాదిలో ఇలా పోయిన ప్రాణాలు 7,45,000. ఇవన్నీ బల్ల మీద ఉండగానే మన దగ్గర వారానికి డెబ్బై గంటలు, తొంభై గంటలు పనిచేయాలని పెద్ద సంస్థల పెద్దలు 2023లో ఒకసారి, 2025 మొదట్లో ఒకసారి పిలుపునిచ్చారు. 2025లోనే రెండు తెలుగు రాష్ట్రాలూ రోజు పని పరిమితిని పది గంటలకు పెంచే నిర్ణయాలు తీసుకున్నాయి. పెట్టుబడులు రావాలన్న వాదన నాకు అర్థమవుతుంది. కానీ ఈ నిర్ణయాల మీద జరిగిన చర్చలో కార్మికుడి గుండె గురించి ఎంత మాట్లాడామో మనమందరం గుర్తు తెచ్చుకోవాలి.

వ్యాయామం కథ మొదలైంది కూడా పని దగ్గరే, అదీ బస్సులో. 1953లో జెర్రీ మోరిస్ అనే డాక్టరు లండన్ రవాణా కార్మికుల్ని పోల్చి లాన్సెట్‌లో రాశాడు. రోజంతా కూర్చునే డ్రైవర్లకన్నా, డబుల్ డెక్కర్ మెట్లు ఎక్కుతూ దిగుతూ టికెట్లు కొట్టే కండక్టర్లకు గుండె జబ్బు తక్కువ. కదలికకూ ఆరోగ్యానికీ ముడి వేసిన తొలి పెద్ద ఆధారం ఇదే. ఇందులో నాకు నచ్చేది మోరిస్ నిజాయితీ. మూడేళ్ల తర్వాత ఆయనే యూనిఫాం కొలతలు తీసి చూశాడు. డ్రైవర్ల ప్యాంట్ల నడుము కొలత కుర్ర వయసులోనే కండక్టర్లకన్నా ఎక్కువ. అంటే మెట్లెక్కడం వల్లే సన్నగా ఉన్నారా, సన్నగా ఉన్నవాళ్లే కండక్టర్లయ్యారా? ఈ అనుమానం ఆ రోజు నుంచీ వ్యాయామ పరిశోధనను వదల్లేదు, తృప్తి పరిశోధనను అసలే వదల్లేదు.

2018లో అమెరికాలో పన్నెండు లక్షల మంది జవాబులతో వచ్చిన విశ్లేషణ చూడండి. వ్యాయామం చేసేవాళ్లకు నెలలో మనసు బాగోని రోజులు మిగతావాళ్లకన్నా 43 శాతం తక్కువ. వారానికి మూడు నుంచి ఐదు సార్లు, సారికి అరగంట నుంచి గంట లోపు చేసేవాళ్లకు మేలు ఎక్కువ, నలుగురితో కలిసి ఆడే ఆటలకు ఇంకా ఎక్కువ. మరీ అతిగా చేస్తే మేలు తగ్గుతోంది. బాగానే ఉంది గానీ, మనసు బాగోలేని మనిషి మంచం దిగడు కదా. కుంగుబాటు వల్ల వ్యాయామం మానేశారా, వ్యాయామం లేక కుంగిపోయారా అన్నది ఒక్కసారి అడిగే సర్వే తేల్చలేదు. తేల్చగలిగేవి ప్రయోగాలు. 1999లో జేమ్స్ బ్లూమెంథాల్ తీవ్ర కుంగుబాటు ఉన్న 156 మందిని పంచి కొందరికి మందు, కొందరికి వ్యాయామం, కొందరికి రెండూ ఇచ్చాడు. పదహారు వారాల తర్వాత ఫలితాలు ఇంచుమించు సమానం. 2024లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 218 ప్రయోగాల్ని కలిపి చూసినప్పుడు నడక, పరుగు, యోగా, బరువులెత్తడం అన్నీ కుంగుబాటును తగ్గించాయి. కాబట్టి దిగులున్న మనిషికి కదలిక నిజంగా మందే. డాక్టరు రాసిన మాత్రలు సొంతంగా మానేయమని దీనర్థం కాదు. ఇప్పటికే బాగున్న మనిషికి మాత్రం వ్యాయామం వల్ల బతుకు మీద తృప్తి పెరిగేది కొంచెమే. పార్కుల్లోనూ జిమ్ ప్రకటనల్లోనూ వినిపించేంత పెద్ద మాట ఈ సమాచారంలో లేదు.

డెన్మార్క్ పరిశోధకుడు ఆండ్రియాస్ హోల్టర్‌మన్ తెచ్చిన ప్రశ్న దీనికన్నా ముఖ్యమైనది. కోపెన్‌హాగన్‌లో లక్షా నాలుగు వేల మందిని గమనించి ఆయన బృందం 2021లో ఇలా చెప్పింది. తీరిక వేళల్లో ఒళ్లు కదిలించేవాళ్లకు గుండె జబ్బులు తగ్గాయి. ఉద్యోగంలో ఒళ్లు హూనం చేసుకునేవాళ్లకు 35 శాతం పెరిగాయి. అదే చెమట, అవే కండరాలు, ఫలితం ఎదురెదురు. అదే ఏడాది నార్వే నుంచి వచ్చిన మరో పెద్ద అధ్యయనం, చదువు, ఆదాయం, పొగ అలవాటు లాంటివి సరిగ్గా లెక్కలోకి తీసుకుంటే శ్రమ చేసే మగవాళ్ల ఆయుష్షు తగ్గలేదని ఎదురు చెప్పింది. వాదం ఇంకా నడుస్తోంది. కానీ బస్తాలు మోసే హమాలీని అడిగితే ఆ రెంటికీ తేడా క్షణంలో చెబుతాడు. పార్కులో నడిచే మనిషి అలసిపోతే బల్ల మీద కూర్చుంటాడు. బస్తా కింద ఉన్న మనిషికి ఆ వీలు లేదు.

మన దేశంలో ఈ తేడా మరీ వికారంగా కనబడుతుంది. 2014లో వచ్చిన ఐసీఎంఆర్-ఇండియాబ్ మధుమేహ సర్వే విశ్లేషణలో 54.4 శాతం మంది చాలినంత కదలిక లేనివాళ్లు. సరదాకోసం, ఆరోగ్యంకోసం వ్యాయామం చేసేవాళ్లు పది శాతం కూడా లేరు. 2022 సంగతి చెబుతూ లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చిన అంచనా ప్రకారం మన ఆడవాళ్లలో 57 శాతం, మగవాళ్లలో 42 శాతం చాలినంత కదలడం లేదు. ఈ అంకె చూసినప్పుడల్లా నాకు మా మేనత్త గుర్తొస్తుంది. షుగరు పట్టుకుందని చెప్పి డాక్టరు రోజూ నలభై నిమిషాలు నడవమన్నాడు. "పొద్దున లేచింది మొదలు నా కాళ్లు ఆగిందెప్పుడు డాక్టరు గారూ?" అందావిడ. డాక్టరు చెప్పింది వైద్యపరంగా సరైనదే. వంటింటికీ పెరటికీ మధ్య తిరుగుడు గుండె వేగం పెంచే నడక కాదు. ఆవిడ అన్నది కూడా సరైనదే. 2024 కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటిపనులు చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు పెడితే మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారు. ఆ రెంటి మధ్య ఉన్న 201 నిమిషాల్లోనే ఆవిడ నలభై నిమిషాల నడక ఇరుక్కుపోయింది. కేబీఆర్ పార్కులోనో, తెల్లవారుజామున బళ్లు ఆపేసే విశాఖ బీచ్ రోడ్డులోనో నడవడానికి ఆవిడకు లేనిది మనసు కాదు, తెల్లవారుజాము.

తెలుగు నేల మీద ఆరోగ్యం, వ్యాయామం, పని మూడూ ఒకదాన్నొకటి ఎలా పట్టి లాగుతాయో చూపడానికి మూడు చోట్లు చాలు. హైదరాబాద్ ఐటీ ఉద్యోగులు 345 మందిని పరీక్షిస్తే 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పేరుకుని ఉందని 2025లో హైదరాబాద్ విశ్వవిద్యాలయ పరిశోధకుల అధ్యయనం చెప్పింది. జీతం ఉంది, హోదా ఉంది, ఆఫీసులోనే జిమ్ కూడా ఉండొచ్చు. గంటలు మాత్రం వాళ్ల చేతిలో లేవు. అమెరికా పగలు మనకు రాత్రి. రెండో చోటు శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం మండలాల్లో కొబ్బరి, జీడి తోటల్లో కష్టం చేసుకునేవాళ్ల కిడ్నీలు దశాబ్దాలుగా పాడవుతున్నాయి. ఎండలో చాకిరీ, చాలినన్ని నీళ్లు తాగకపోవడం, నీటిలో ఉన్నవి ఇలా చాలా అనుమానాలున్నాయి గానీ, ఒక్క కారణమంటూ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, రెండు వందల పడకల ఆసుపత్రి మొదలయ్యాయి. అక్కడి మనిషికి నువ్వు కదలడం లేదు అని ఎవరూ చెప్పలేరు. మూడో చోటు సింగరేణి బొగ్గు గనులు. గనిలో పనిచేసే మనిషి ఇక అన్‌ఫిట్ అని మెడికల్ బోర్డు తేలిస్తే ఇంట్లో ఒకరికి ఆ ఉద్యోగం వచ్చే ఏర్పాటు ఉంది. కుటుంబాల్ని కాపాడిన ఏర్పాటే, కాదనను. కానీ తండ్రి అన్‌ఫిట్ అయితే తప్ప కొడుక్కి పని లేని ఇంట్లో ఆరోగ్యం, పని, తృప్తి అన్న మాటలకు నిఘంటువులో ఉన్న అర్థాలు చెల్లవు. నిచ్చెన మీద ఆ తండ్రి ఏ మెట్టు చూపిస్తాడు?

ఇంకో వైపు కూడా మన దగ్గరే ఉంది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం దేశంలో తొలిసారి మొదలైంది. అడిగితే పని ఇవ్వాలి, ఇవ్వకపోతే భృతి ఇవ్వాలి అని చట్టం రాసుకున్న పథకం అది. దాని లోపాలు అందరికీ తెలిసినవే. అయినా పని కోసం ఎవరి గడప దగ్గరా చేతులు కట్టుకుని నిలబడక్కర్లేదన్న భావన కూలి మనిషి బతుకులోకి చట్టరూపంలో వచ్చింది అప్పుడే. యహోదా చెప్పిన ఐదింటికీ మన నేల మీద ఆరోది చేర్చాలనిపిస్తుంది, అది అడిగే హక్కు.

నా తీర్పు ఇది. ఆరోగ్యం తృప్తిని మోస్తుంది, ముఖ్యంగా మనసు ఆరోగ్యం. అది పోతే మనిషి అలవాటు పడిపోతాడన్నది అబద్ధం. పని లేకపోవడం డబ్బు కొరతకన్నా లోతుగా కోస్తుంది. తన పట్టు లేని పని, గంటలకు హద్దు లేని పని కూడా కోస్తుంది. వ్యాయామం దిగులున్నవాళ్లకు మందు, మిగతావాళ్లకు చిన్న అండ, తీరిక లేనివాళ్లకు అందని పండు. అందుకే వాకింగ్‌కు వెళ్లమని చెప్పే ప్రచారాలకన్నా పని గంటలకు హద్దు, ఇంటిపనిలో మగవాళ్ల వాటా, గనిలోనూ పొలంలోనూ నీడ, నీళ్లు, విరామం ముందు రావాలని నా నమ్మకం.

ఒక విన్నపం. ఈ వ్యాసంలో గట్టి అంకెల్లో ఎక్కువ భాగం జర్మనీవి, బ్రిటన్‌వి, డెన్మార్క్‌వి కావడానికి కారణముంది. జర్మనీ 1984లో మొదలుపెట్టిన సర్వే ఇప్పటికీ ఏటా అవే గడపలు తొక్కుతోంది. పని పోకముందు, పోయాక, మళ్లీ దొరికాక అదే మనిషిని అడుగుతోంది. ఉస్మానియా, ఆంధ్ర, హైదరాబాద్ విశ్వవిద్యాలయాల్లో సామాజిక శాస్త్రాలు బోధించేవాళ్లను నేను కోరేది అదే. ఉద్దానంలో వెయ్యి ఇళ్లు, సిరిసిల్లలో వెయ్యి, మాదాపూర్‌లో వెయ్యి, అనంతపురంలో వెయ్యి ఎంచుకోండి. ఇంటి యజమానినే కాక ఇంట్లో ఉన్న ఆడవాళ్లను విడిగా కూర్చోబెట్టి అడగండి. వచ్చే ఏడు మళ్లీ వెళ్లండి.